కుళాయి వెనక ఉన్న చదువు



2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే పెద్ద నివాస సముదాయంలో సార్స్ వ్యాధి ఉన్నట్టుండి చెలరేగింది. 300 మందికి పైగా జబ్బుపడ్డారు. 40 మందికి పైగా చనిపోయారు. వేరువేరు అంతస్తుల్లో ఉంటూ, ఒకరి ముఖం ఒకరు చూడని వాళ్ళకి కూడా జబ్బు ఎలా సోకిందని నిపుణులు ఆరా తీశారు. వెతుక్కుంటూ వెళ్తే వాళ్ళ చూపు బాత్‌రూము నేలమీది జాలీ దగ్గర ఆగింది. ఆ జాలీ కింద వంపు తిరిగిన ట్రాప్ ఉంటుంది. అందులో ఎప్పుడూ కాస్త నీరు నిలిచి ఉండాలి. మురుగు గొట్టంలోని గాలి ఇంట్లోకి రాకుండా అడ్డుకునేది ఆ నీరే. అక్కడ చాలా ఇళ్ళలో అది ఎండిపోయింది. ఎగ్జాస్ట్ ఫ్యాను తిప్పగానే గొట్టంలోని గాలి, కలుషితమైన తుంపర్లతో సహా గదుల్లోకి వచ్చిందని తేల్చారు.

మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ఆ నీరు 50 మిల్లీమీటర్ల లోతు ఉండాలంటుంది. అంటే రెండంగుళాలు. ఆ రెండంగుళాల నీరు ఎందుకు ఉండాలో, ఎప్పుడు పోతుందో, పోకుండా ఏం చేయాలో తెలిసిన మనిషి మన ఇంట్లో ట్రాప్ బిగించాడా లేదా అన్నది మన ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. అందుకే ప్లంబరు పనిని నేను ఆరోగ్య రక్షణలో భాగంగా చూస్తాను. ప్రపంచ ప్లంబింగ్ మండలి 2010 నుంచి మార్చి 11ను ప్రపంచ ప్లంబింగ్ దినంగా జరుపుతున్నది కూడా ఈ సంగతి గుర్తు చేయడానికే. ఈ పూట ప్లంబర్ల చదువు గురించి మాట్లాడతాను. కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాడి చదువు గురించి, 20 ఏళ్ళుగా పానా పట్టిన మేస్త్రీ చదువు గురించి కూడా.

మన ఊళ్ళలో ఒక ప్లంబరు ఎలా తయారవుతాడో ముందు చూద్దాం. పదో తరగతి పాసయ్యో, తప్పో, ఇంట్లో అవసరం వచ్చో ఒక అబ్బాయి తెలిసిన మేస్త్రీ దగ్గర హెల్పరుగా చేరతాడు. మొదట సామాను మోస్తాడు. గోడకి గాడి కొడతాడు. పైపు కోస్తాడు. కొన్నాళ్ళకి కోసిన అంచు నునుపు చేయడం, సాల్వెంటు పూసి ఎల్బో ఎక్కించడం, టెఫ్లాన్ టేపు ఎటువైపు చుట్టాలో తెలుసుకోవడం జరుగుతాయి. రెండు మూడేళ్ళలో చెయ్యి తిరుగుతుంది. ఒకరోజు మేస్త్రీ వేరే సైటుకి వెళ్తూ, ఇక్కడ నువ్వు చూసుకోరా అంటాడు. ఆ రోజు నుంచి అతను ప్లంబరే.

ఈ పద్ధతిని నేను చిన్నచూపు చూడను. పక్కన నిలబడి నేర్చుకున్న పని చేతిలో ఉండిపోతుంది. దారం పడిన పైపుకి ఎంత బిగింపు చాలో, ఎక్కడ ఆపకపోతే ఫిట్టింగు పగులుతుందో పుస్తకం చెప్పలేదు, మణికట్టే చెబుతుంది. అయితే మేస్త్రీ తనకు తెలిసినదే నేర్పగలడు. ఇలా చెయ్యి అని చెబుతాడు. ఎందుకు ఇలాగే చేయాలి అన్నది అతనికి కూడా ఎవరూ చెప్పి ఉండరు. ఆ కారణం తెలియనంతకాలం పని అలవాటు మీద నడుస్తుంది. పరిస్థితి కాస్త మారితే అలవాటు తప్పుదారి పట్టిస్తుంది.

వాలు సంగతే తీసుకోండి. మురుగు పైపుకి వాలు ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిదని చాలామంది నమ్ముతారు. వాలు మరీ తక్కువైతే మురుగు కదలదు, నిజమే. మరీ ఎక్కువైనా కూడా నీరు ముందే జారిపోయి గట్టి పదార్థం వెనక నిలిచిపోతుంది. 4 అంగుళాల పైపుకి 40 అడుగులకి ఒక అడుగు, 6 అంగుళాల పైపుకి 60 అడుగులకి ఒక అడుగు, 9 అంగుళాల పైపుకి 90 అడుగులకి ఒక అడుగు అని పాతకాలం నుంచి ఒక సులువైన సూత్రం ఉంది. నీరూ మలినమూ కలిసి కదలాలన్నది దాని వెనక కారణం. ఆ కారణం తెలిసిన కుర్రాడు ట్యూబ్ లెవెల్ లేకుండా పైపు పరచడు.

ఒత్తిడి కూడా అలాంటిదే. పై అంతస్తులో షవరు నుంచి నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఇంటివారు ఫిర్యాదు చేస్తారు. లావు పైపు వేస్తే సరిపోతుందని ప్లంబరు అంటాడు. కానీ నిలిచి ఉన్న నీటి ఒత్తిడి ట్యాంకు ఎత్తును బట్టి ఉంటుంది. సుమారు 10 మీటర్ల ఎత్తుకి ఒక కేజీ ప్రెషరు. పైపు లావు దారిలో జరిగే నష్టాన్ని మాత్రమే తగ్గిస్తుంది. షవరుకీ ట్యాంకు నీటిమట్టానికీ మధ్య రెండు మీటర్లే ఉంటే ఎంత లావు పైపు వేసినా అక్కడ ఒక కేజీలో అయిదో వంతే దొరుకుతుంది. ఇదే లెక్క తిరగేస్తే, 20 అంతస్తుల భవనంలో పైనుంచి నేరుగా దింపిన పైపులో కింది అంతస్తు కుళాయి మీద 6 కేజీల ఒత్తిడి పడుతుంది. మధ్యలో ఒత్తిడి తగ్గించే వాల్వు లేకపోతే కింది ఇళ్ళలో ఫిట్టింగులు తరచూ చెడిపోతాయి. ఈ లెక్క నేర్వడానికి ఇంజినీరింగు డిగ్రీ అక్కరలేదు. హైస్కూల్లో చదివిన పాఠాన్ని పైపు దగ్గరికి తీసుకొచ్చి చూపించే గురువు చాలు.

ఇక అనుభవం ఉన్నవాళ్ళ విషయం. ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత నాకు క్లాసులేమిటి అని ఒక మేస్త్రీకి అనిపించడం సహజం. ఆ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ అతను పని నేర్చుకున్న రోజుల్లో చేతిలో ఉన్న పైపు వేరు, ఇప్పుడు ఉన్న పైపు వేరు. అప్పుడు జీఐ పైపు. డై సెట్టుతో దారాలు కోసి, జనుము చుట్టి, సఫేదా పూసి బిగించేవారు. తర్వాత పీవీసీ వచ్చింది. ఆ తర్వాత వేడినీళ్ళు తట్టుకునే సీపీవీసీ, వేడి చేసి అతికించే పీపీఆర్ వచ్చాయి. గోడ బయట కనిపించే లైను గోడ లోపలికి వెళ్ళిపోయింది.

ఇనుప పైపు అలవాటు సీపీవీసీ దగ్గర ఎలా దెబ్బతీస్తుందో ఒక లెక్క చెబుతాను. 10 మీటర్ల సీపీవీసీ పైపులో వేడి 40 డిగ్రీలు పెరిగితే అది సుమారు 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం సాగుతుంది. అదే పొడవు ఇనుప పైపు దాదాపు 5 మిల్లీమీటర్లే సాగుతుంది. ఇనుముతో చెయ్యి తిరిగిన మేస్త్రీ క్లాంపులు గట్టిగా బిగించి, మలుపుల దగ్గర కదలడానికి చోటు ఇవ్వకుండా సీపీవీసీ లైను వేస్తే, మేడమీద ఎండకీ గీజరు వేడికీ ఆ పైపు సాగలేక వంగుతుంది, జాయింటు దగ్గర పగులుతుంది. ఇంటివారు పైపు కంపెనీని తిడతారు, కంపెనీ ప్లంబరును తిడుతుంది. అతని చేతిలో లోపమేమీ లేదు. కొత్త వస్తువు స్వభావం అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక్క పూట పాఠంతో తప్పే నష్టం అది.

గీజరు ఇంకా ప్రమాదకరమైన విషయం. 25 లీటర్ల గీజరులో నీరు బాగా కాగితే సుమారు అర లీటరు మేర వ్యాకోచిస్తుంది. ఆ అదనపు నీటికి దారి ఉండాలి. లోపలికి వచ్చే లైనులో నాన్ రిటర్న్ వాల్వు ఉంటే ఆ నీరు వెనక్కి పోలేదు. అందుకే గీజరుకి ఒత్తిడి వదిలే సేఫ్టీ వాల్వు ఉంటుంది. నీరు కాగేటప్పుడు దాని నుంచి నాలుగు చుక్కలు కారడం దాని ధర్మం. అది తెలియక, కారుతోంది కదా అని ఆ రంధ్రానికి ప్లగ్గు బిగించేవారు ఉన్నారు. ఆ క్షణం నుంచి స్నానాల గదిలో వేలాడుతున్నది పేలుడు సామగ్రి అనుకోండి. ఈ మాట వింటున్న ప్లంబరు సోదరులు ఎవరైనా, ఎప్పుడైనా అలాంటి ప్లగ్గు చూస్తే దయచేసి ఆ రోజే తీసేసి కొత్త వాల్వు పెట్టించండి.

గేటెడ్ కమ్యూనిటీల్లో ఇప్పుడు రెండు రకాల నీళ్ళు ప్రవహిస్తున్నాయి. ఒకటి మంచినీరు. రెండోది మురుగును శుద్ధి చేసి ఫ్లష్ ట్యాంకులకీ మొక్కలకీ వాడే నీరు. రెండు లైన్లూ ఒకే షాఫ్టులో పక్కపక్కనే దిగుతాయి. మరమ్మతుకి వచ్చిన మనిషి ఏది ఏమిటో గుర్తించకుండా ఒక టీ జాయింటు తగిలిస్తే శుద్ధి చేసిన మురుగు తాగే కుళాయిలోకి వస్తుంది. ఇలాంటి కలగలుపు పాత బస్తీల్లో మరో రూపంలో ఉంది. మునిసిపల్ నీళ్ళు రోజంతా రావు. నీళ్ళు ఆగిన వేళ పైపులో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు వీధి కుళాయి కనెక్షనుకి నేరుగా మోటారు బిగించి లాగితే, పైపు పగుళ్ళలోంచి పక్కనున్న మురుగు కాలువ నీరు కూడా లోపలికి వస్తుంది. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి పలువురు ప్రాణాలు కోల్పోయిన విషాదం మనలో చాలామందికి గుర్తుంది. నీటి గొట్టంలోకి మురుగు చేరితే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కరలేదు. లైనుకి నేరుగా మోటారు బిగించనండీ, వీధంతటికీ ప్రమాదం అని చెప్పగలిగిన ప్లంబరు ఒక వైద్యుడు చేసేంత మేలు చేస్తాడు. అలా చెప్పాలంటే అతనికి విషయం తెలియాలి. తెలిసిందని నలుగురూ నమ్మడానికి చేతిలో ఒక గుర్తింపు ఉండాలి.

ప్లంబరు సొంత ప్రాణం గురించి కూడా ఒక మాట. సెప్టిక్ ట్యాంకు నిండిందని పిలిస్తే, కాస్త దిగి చూడు బాబూ అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. అది తక్కువగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన తగ్గింది కదా అని దిగిన మనిషి తిరిగి రాడు. అతన్ని కాపాడబోయి దిగిన రెండోవాడు కూడా రాడు. 2013లో వచ్చిన చట్టం రక్షణ పరికరాలు లేకుండా మనుషులను అలా దించడాన్ని నిషేధించింది. అలాంటి మరణాలకు నష్టపరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచుతూ 2023లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నేను దిగను, పంపింగు బండిని పిలవండి అని చెప్పే హక్కు తనకుందని మొదటిరోజు హెల్పరుకి కూడా తెలియాలి. అది అతని మొదటి పాఠం కావాలి.

మరి ఈ చదువు ఎక్కడ దొరుకుతుంది? ఐటీఐలలో ఏడాది పాటు నేర్పే ప్లంబరు ట్రేడు ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద సంస్థల్లో పనిచేస్తూ స్టైపెండు తీసుకుంటూ నేర్చుకునే మార్గం ఉంది. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయల వరకు, కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. హైదరాబాదులో 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ తాపీపనితో పాటు ప్లంబింగు కూడా నేర్పుతోంది. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి వచ్చాక, ఆ పైపులనూ మోటార్లనూ చూసుకునే స్థానికులను తయారు చేయడానికి జల్ జీవన్ మిషన్ కింద నల్ జల్ మిత్ర శిక్షణ వచ్చింది. చదువు లేకుండా పని నేర్చుకున్న పెద్దవాళ్ళకి, వాళ్ళ అనుభవాన్నే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. మళ్ళీ ఒకటో తరగతి నుంచి కూర్చోబెట్టకుండా, తెలిసినదాన్ని గుర్తించి తెలియనిది మాత్రమే చెప్పడం దాని ఉద్దేశం.

ఒడిశాలోని కేంద్రపడా జిల్లా పట్టాముండై ప్రాంతం ఈ విషయంలో గమనించదగ్గది. అక్కడి నుంచి తరతరాలుగా ప్లంబర్లు దేశమంతా వెళ్తున్నారు. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఒడియా ప్లంబర్లలో చాలామంది మూలాలు అక్కడే. అన్న వెంట తమ్ముడు, మామ వెంట అల్లుడు వెళ్ళి నేర్చుకున్న ఆ ఊళ్ళ మధ్యే ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్లంబింగు కోసమే ఒక విద్యాసంస్థ పెట్టింది. పని ఎక్కడ పుట్టిందో అక్కడికే బడిని తీసుకెళ్ళడం మంచి ఆలోచన. మన దగ్గర కూడా బడి పనివాడి దగ్గరికి రావాలి.

ఎందుకంటే అవకాశాలున్నా వాటిని అందుకోలేకపోవడానికి గట్టి కారణాలున్నాయి. మొదటిది కూలి. రోజు పని చేస్తేనే ఇల్లు గడిచే మనిషి వారం రోజులు క్లాసుకి వెళ్తే వారం రోజుల సంపాదన పోతుంది. చేతిలో ఉన్న సైటు ఇంకొకరికి పోతుంది. రెండోది లెక్కలోకి రాకపోవడం. అప్రెంటిస్ చట్టం 30 మంది, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలకు తప్పనిసరి, 4 నుంచి 29 మంది ఉన్నవాటికి ఐచ్ఛికం. ఒక మేస్త్రీ, ఇద్దరు హెల్పర్లు ఉన్న జట్టు ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు. మన ప్లంబర్లలో ఎక్కువమంది తయారయ్యేది అలాంటి జట్టులోనే. మూడోది భాష. నియమావళి ఇంగ్లీషులో ఉంది. ట్రాపు, వెంటు, సైఫను గురించి తెలుగులో, బొమ్మలతో, పనివాళ్ళు వాడే మాటలతో రాసిన చిన్న పుస్తకం ప్రతి హార్డ్‌వేరు దుకాణంలో దొరకాలి. నాలుగోది అన్నిటికంటే పెద్దది. సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా కూలి ఒకటే. నేర్చుకున్నవాడికి రూపాయి ఎక్కువ రానప్పుడు ఎవరైనా ఎందుకు నేర్చుకుంటారు?

ఇతర చోట్ల ఈ ముడిని ఎలా విప్పారో చూద్దాం. మన తెలుగువాళ్ళు ఎక్కువగా స్థిరపడిన అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో జర్నీమన్ (శిక్షణ పూర్తయిన పనివాడు) ప్లంబరు పరీక్ష రాయాలంటే 8,000 గంటల పని అనుభవం చూపించాలి. లైసెన్సు వచ్చాక కూడా ఏటా 6 గంటల పాఠాలు వింటేనే అది కొనసాగుతుంది. ఏడాదికి 6 గంటలంటే ఒక్క రోజు. కొత్త నియమాలు, కొత్త వస్తువులు, ప్రాణరక్షణ జాగ్రత్తలు ఆ ఒక్క రోజులో తెలుసుకుంటారు. ఇక జగిత్యాల, నిజామాబాదు, కడప జిల్లాల నుంచి ఎందరో వెళ్ళే సౌదీ అరేబియా ఇప్పుడు ప్లంబర్లకు ప్రయాణానికి ముందే నైపుణ్య పరీక్ష పెడుతోంది. గల్ఫుకి వెళ్ళేటప్పుడు అడిగే నైపుణ్యాన్ని మన సొంత ఇంటి దగ్గర ఎందుకు అడగకూడదు? మన రాష్ట్రాల్లోనే కరెంటు పనికి వైర్‌మన్ పర్మిట్ ఉంది. మనం తాగే నీళ్ళ పైపు ముట్టుకునే చేతికి కూడా అంత గుర్తింపు ఉండాలని నా నమ్మకం.

శిక్షా భయంతో మొదలుపెట్టమని నేను అనను. ఇప్పుడు పనిలో ఉన్నవాళ్ళని లైసెన్సు లేదని పక్కకు నెడితే పేద కుటుంబాలు దెబ్బతింటాయి. ముందు అనుభవాన్ని గుర్తించాలి, ఆ తర్వాత ఏటా ఒక రోజు పాఠం అలవాటు చేయాలి, ఆ పైనే నిబంధన రావాలి. ఆ ఒక రోజుకి కూలి ఇవ్వాలి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధికి నిర్మాణ వ్యయం మీద సెస్సు వసూలవుతోంది కదా, శిక్షణ రోజు కూలికి అది సరైన చోటు. పాఠం కూడా కుర్చీల్లో కూర్చోబెట్టి చెప్పేది కాకూడదు. పారదర్శకమైన గొట్టంతో ట్రాపు కట్టి, పైనుంచి నీళ్ళు వదిలి, గొట్టానికి గాలి అందించే వెంటు పైపు మూసినప్పుడు ట్రాపులోని నీరు ఎలా లాగేసుకుపోతుందో కళ్ళముందు చూపించాలి. ఒక్కసారి చూసిన మేస్త్రీ మళ్ళీ వెంటు పైపు మానేయడు. పాఠం చెప్పేవారిలో సగం మంది చెయ్యి తిరిగిన ప్లంబర్లే ఉండాలి. ఆడవాళ్ళు కూడా ఈ పనిలోకి రావాలి. ఊళ్ళో కుళాయి చెడితే నీళ్ళ కోసం ఎక్కువ కష్టపడేది వాళ్ళే. దాన్ని బాగుచేసే విద్య, ఆ సంపాదన వాళ్ళకు కూడా అందాలి.

చివరిగా మన వంతు. ఇల్లు కట్టుకుంటున్నవారు పైపులు గోడలో పూడ్చే ముందు ప్రెషరు టెస్టు చేయించండి. పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, గేజీ ముల్లు పడిపోకుండా నిలిచిందో లేదో మీరే నిలబడి చూడండి. ఆ పరీక్ష చేయగల మేస్త్రీకి, దానికి పట్టే సమయానికి విడిగా డబ్బు ఇవ్వండి. మీ ప్లంబరును ఏ శిక్షణ తీసుకున్నావయ్యా అని అడగండి. తీసుకున్నవాడికి రోజుకి కొంత ఎక్కువ ఇవ్వండి. అపార్ట్‌మెంటు సంఘాలు తమ ప్లంబరును ఏటా ఒక రోజు జీతంతో క్లాసుకి పంపాలి. సెకనుకొక చుక్క కారే కుళాయి రోజుకి సుమారు 20 లీటర్లు వృథా చేస్తుంది. చదువుకున్న ప్లంబరు మిగిల్చే నీళ్ళే అతని చదువు ఖర్చు తీర్చేస్తాయి.

హెల్పరుగా ఈ మాటలు వింటున్న తమ్ముళ్ళకి ఒక్క మనవి. మేస్త్రీ ఇలా చెయ్యి అన్నప్పుడు అలాగే చెయ్యండి. పని అయ్యాక మాత్రం, ఎందుకు మేస్త్రీ అని అడగండి. అతనికి తెలిస్తే చెబుతాడు. తెలియకపోతే ఇద్దరూ కలిసి క్లాసుకి వెళ్ళండి. మేస్త్రీలకు నా విన్నపం, ఆ ప్రశ్న వచ్చినప్పుడు కోపగించకండి. మీ విద్య మీ తర్వాత కూడా నిలబడేది ఆ ప్రశ్న వల్లనే.